నడకా, సైకిలా, కుర్చీయా? ఊపిరి చాలని మనిషికి ఏది మేలు?

మా నాన్న మెట్లెక్కుతూ సగంలో ఆగి జేబులోంచి ఫోన్ తీసేవారు. ఏదో మెసేజ్ వచ్చినట్టు తెర మీద వేలు ఆడించి, ఒక నిమిషం తర్వాత మళ్లీ ఎక్కేవారు. ఆయనకు అన్ని మెసేజ్‌లు ఎవరు పంపుతున్నారా అని మేం నవ్వుకునేవాళ్లం. ఆ తెర చాలాసార్లు వెలిగి కూడా ఉండేది కాదని నేను గమనించేసరికి ఏడాది గడిచింది. ఆయన ఆగుతున్నది ఊపిరి కోసం.

అది సీఓపీడీ అని, అంటే ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బని తేలాక డాక్టరుగారు ఇన్‌హేలర్ రాసి, "రోజూ కాస్త వ్యాయామం చేయండి" అన్నారు. ఏ వ్యాయామం, ఎంతసేపు, ఆయాసం వస్తే ఆపాలా వద్దా అని అడిగేలోపే తర్వాతి పేషెంటు తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. ఇంటికొచ్చాక మొదలైంది పంచాయితీ. నడవాలని నేను. ఇంట్లో తొక్కే వ్యాయామ సైకిల్ కొందామని తమ్ముడు. కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టాలని, చిన్న బరువులు ఎత్తించాలని ఫిజియోథెరపీ చదువుతున్న మేనకోడలు. గాలి పీలిస్తే బంతులు పైకి లేచే పరికరం ఒకటుంటే చాలని నాన్న. దానికైతే కుర్చీలోంచి లేవక్కర్లేదు మరి!

ఈ నాలుగింటినీ పోల్చేముందు ఒక సంగతి చెప్పుకోవాలి. వ్యాయామం దెబ్బతిన్న ఊపిరితిత్తులను బాగుచేయదు. ఎంత గాలిని ఎంత వేగంగా ఊదగలమో కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష అంకెలు రెండు నెలల తర్వాత కూడా దాదాపు అక్కడే ఉంటాయి. బాగుపడేది కాళ్లు. ఆయాసం వస్తుందని మనిషి కదలడం తగ్గిస్తాడు. కదలకపోతే తొడ కండరాలు కరుగుతాయి. కరిగిన కండరం చిన్న పనికే లాక్టిక్ ఆమ్లం వదులుతుంది, దాన్ని సర్దుకోవడానికి ఒళ్లు ఇంకా ఎక్కువ గాలి అడుగుతుంది. ఇచ్చుకోలేని ఊపిరితిత్తుల దగ్గర కాళ్లు అప్పు మీద అప్పు చేస్తున్నట్టన్నమాట. అదే కాళ్లకు తర్ఫీదు ఇస్తే, అంతే పనికి తక్కువ గాలి సరిపోతుంది. కాబట్టి ప్రతి వ్యాయామాన్నీ నేను రెండు ప్రశ్నలతో చూశాను. ఊపిరి చేతులెత్తేసేలోపు కాళ్లకు ఎంత పని దక్కుతోంది? ఇవాళ చేసిన మనిషి ఎల్లుండి కూడా చేస్తాడా?

ఒకప్పుడు ఈ జబ్బుకు విశ్రాంతే మందు అనుకునేవారు. ఆక్సిజన్ పెట్టుకుని కొద్దికొద్దిగా నడక పెంచిన రోగులు క్రమంగా ఆక్సిజన్ లేకుండానే నడవగలుగుతున్నారని 1952లో అమెరికా వైద్యుడు ఆల్వన్ బరాక్ రాసినా, వైద్యలోకం దాన్ని అందుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 2015లో, వైద్య ప్రయోగాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష సీఓపీడీ మీద జరిగిన 65 ప్రయోగాలను, 3,822 మంది రోగుల ఫలితాలను కలిపి చూసింది. వ్యాయామంతో కూడిన పల్మనరీ రిహాబ్, అంటే ఊపిరితిత్తుల రోగులకు ఓపిక తిరిగి తెప్పించే తర్ఫీదు, ఆయాసాన్ని తగ్గిస్తుందని, నడిచే దూరాన్ని పెంచుతుందని అందులో ఎంత స్పష్టంగా తేలిందంటే, ఇక "చేయించాలా వద్దా" అనే ప్రయోగాలు అక్కర్లేదన్నారు. మిగిలింది ఎలా, ఎక్కడ అన్న ప్రశ్నలే.

కాళ్లకు ఎంత పని దక్కుతోందన్న నా మొదటి ప్రశ్నకు జవాబు నాకు నచ్చకపోయినా చెప్పాలి. అందులో నెగ్గింది తమ్ముడి సైకిలే. నడిచేటప్పుడు ఒంటి బరువంతా మనమే మోయాలి, నడుము, చేతులు, కాళ్లు అన్నీ కదలాలి, ఊపిరి గబగబా ఎగదన్నుతుంది. సైకిల్ మీద బరువు సీటు మోస్తుంది, పని ఎక్కువగా తొడల మీద పడుతుంది. అందుకే నడకలో ఆయాసం వల్ల ఆగేవాళ్లు సైకిల్ మీద తొడలు పీకడం వల్ల ఆగుతారు. మనకు కావాల్సిందీ అదే. రక్తంలో ఆక్సిజన్ కూడా సైకిల్ మీదకంటే నడకలోనే ఎక్కువ పడిపోతుంది. మా ఇంట్లో, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి పెట్టి చూస్తే, నాలుగు నిమిషాల నడకకు 95 నుంచి 89కి జారిన నాన్న, పది నిమిషాలు తొక్కినా 93 దగ్గర నిలబడ్డారు. పైగా హ్యాండిల్ మీద మోచేతులు ఆనించి ముందుకు వంగితే, భుజాల కండరాలకు ఆనిక దొరికి అవి ఊపిరికి సాయం పడతాయి. ఆయాసపడే మనిషి మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగడం ఎవరూ నేర్పకుండానే వస్తుంది కదా, ఇదీ అంతే.

మరి సైకిలే మేలా? కొందరికి తప్పకుండా. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడే ఐఎల్‌డీ జబ్బుల్లో నాలుగడుగులు వేయగానే ఆక్సిజన్ ధబేలున పడిపోతుంది. అలాంటివాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, పడిపోతామని భయపడేవాళ్లకు సైకిలే మంచి ఆరంభం.

మిగిలినవాళ్ల విషయంలో, ఎల్లుండి కూడా చేస్తాడా అన్న రెండో ప్రశ్న అడ్డం వస్తుంది. మా ఇంట్లో సైకిల్ మూడు వారాలు బాగానే తిరిగింది. నాలుగో వారం నాన్నకు సీటు నొప్పి. ఐదో వారం "గోడని చూస్తూ ఎంతసేపు తొక్కనురా" అన్నారు. ఇంకోటి, సైకిల్ మీద పెరిగిన ఓపికంతా నడకలోకి దిగదు. నేల మీద నడక తర్ఫీదును, సైకిల్ తర్ఫీదును పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, నడక ఓపిక నడిచినవాళ్లకే ఎక్కువ పెరిగింది. ఏది సాధన చేస్తే అదే వస్తుంది మరి. బాత్రూమ్‌కి ఎవరూ తొక్కుకుంటూ వెళ్లరు.

అందుకే నా ఓటు నడకకే, కాకపోతే ఏకబిగిన నడిచే నడకకు కాదు. సీఓపీడీలో గాలి లోపలికి వెళ్లినంత సులువుగా బయటికి రాదు. గొట్టాలు ఇరుకు, వదలడానికి సమయం కావాలి. వేగంగా ఊపిరి తీస్తే పాత గాలి పోకముందే కొత్త గాలి వచ్చి పడుతుంది, ఛాతీ ఉబ్బిపోయి ఇంకొక్క ఊపిరికీ చోటుండదు. అప్పుడు మనిషి కళ్లలో కనబడే భయం చూసినవాళ్లకే తెలుస్తుంది. రెండు నిమిషాలు నడిచి, ఒక నిమిషం ఆగి, మళ్లీ రెండు నిమిషాలు నడిస్తే ఈ గాలి పేరుకోవడం తగ్గుతుంది. ఏకధాటిగా చేసినా ఆగి ఆగి చేసినా చివరికి దక్కే లాభం దాదాపు ఒకటేనని, ఆగి ఆగి చేసేటప్పుడు ఆయాసం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. లాభం ఒకటే అయినప్పుడు కష్టం ఎక్కువున్నదాన్ని ఎంచుకోవడమెందుకు? ఆగినప్పుడు నాన్న గోడకు చేతులు ఆనించి, ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి వేడి పాలు ఊదినట్టు నెమ్మదిగా వదులుతారు. పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. బరువైన సంచి ఎత్తేటప్పుడూ ఇదే పద్ధతి. ఊతం లేకుండా నడవలేనివాళ్లకు చక్రాల వాకర్ మంచి ఉపాయం, దాని మీద వంగి నడిస్తే సైకిల్ హ్యాండిల్ ఇచ్చే ఆనికే దొరుకుతుంది.

ఎంత గట్టిగా నడవాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. మేమూ చేశాం. నాన్నకు కాస్త ఆయాసం రాగానే "చాలు చాలు, కూర్చోండి" అని కంగారుపడేవాళ్లం. అలా నడిస్తే ఆర్నెల్లు నడిచినా కాళ్లకు ఏమీ అందదు. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ పేరుతో 0 నుంచి 10 వరకు ఒక కొలత ఉంది. 0 అంటే ఆయాసమే లేదు, 10 అంటే ఇక భరించలేను. మొదట్లో 3 దగ్గర ఉంచుకుని, అలవాటు పడ్డాక 4 నుంచి 6 మధ్యకు తీసుకెళ్లాలి. మాట్లాడితే వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి రావాలి, అసలు మాటే రాకపోతే మాత్రం ఎక్కువైనట్టు. ఆయాసం వచ్చిందంటే లోపల ఏదో పాడవుతోందని అర్థం కాదు. ఆగితే రెండు మూడు నిమిషాల్లో సర్దుకునే ఆయాసం పని జరుగుతోందన్న గుర్తే.

ఇక మేనకోడలి కుర్చీ. నిజం చెప్పాలంటే దీన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి నిలబడటం, నెమ్మదిగా కూర్చోవడం. మొదటిరోజు నాన్న ఐదుసార్లు లేచారు. ఆరోసారి తొడలు వణికాయి, ఊపిరి మాత్రం నిలకడగానే ఉంది. కొన్ని కండరాలు కొద్దిసేపే పనిచేసి ఆగుతాయి కాబట్టి బలం పెంచే వ్యాయామాలకు గాలి ఖర్చు తక్కువ. ఒక విడతకు 8 నుంచి 12 సార్లు, ఒకటి నుంచి మూడు విడతలు, వారానికి రెండు మూడు రోజులు చేస్తే చాలు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. చేతులకూ చిన్న బరువులు అవసరమే. తల దువ్వుకోవడం, పై అరలోంచి డబ్బా తీయడం లాంటి చిన్న పనులకే ఇలాంటివాళ్లు రొప్పుతారు. చేతులు పైకెత్తితే ఊపిరికి సాయం చేయాల్సిన భుజాల కండరాలు ఆ పనిలో చిక్కుకుంటాయి మరి. గదిలో నాలుగడుగులకే ఆయాసపడే మనిషికి నడకకంటే ముందు కుర్చీతోనే మొదలుపెట్టమంటాను. అయితే బలం వేరు, ఓపిక వేరు. కుర్చీ ఒక్కటే చేసి నడక మానేస్తే దూరం పెద్దగా పెరగదు.

నాన్న ముచ్చటపడ్డ బంతుల పరికరం గురించి రెండు ముక్కలు. అది ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి ఇచ్చేది. ఊపిరి పీల్చే కండరాలకు బలమివ్వడానికి బిగువుండే పరికరం వేరే ఉంది. ఆ కండరాలు దానితో బలపడే మాట నిజమే గానీ, కాళ్ల వ్యాయామం ఎలాగూ చేస్తున్నవాళ్లకు అది జత చేస్తే నడిచే దూరం అదనంగా పెరగలేదు. మేం కొనలేదు, నాన్న రెండు రోజులు అలిగారు.

చివరి పోలిక, ఇంట్లోనా, రిహాబ్ సెంటర్‌లోనా? సెంటర్‌లో మామూలుగా 6 నుంచి 12 వారాలు, వారానికి రెండు మూడు సార్లు చేయిస్తారు. ముందుగా 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలుస్తారు. చివర్లో ఆ దూరం 30 మీటర్లు పెరిగితే మనిషికి తేడా తెలుస్తుందని లెక్క. ఇంటి వ్యాయామం తీసికట్టని నేననుకునేవాణ్ని. 2017లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా ప్రయోగంలో ఒక్కసారి ఇంటికొచ్చి నేర్పి, తర్వాత వారానికోసారి ఫోన్ చేసి మాట్లాడిన పద్ధతి, వ్యాయామం ముగిసే నాటికి సెంటర్ పద్ధతికి ఏమాత్రం తీసిపోలేదు. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు చోట్లా లాభం చాలావరకు కరిగిపోయింది. కాబట్టి సెంటర్‌కు వెళ్లినా ఆ తర్వాత ఇల్లే దిక్కు. గుండెజబ్బు, ఊపిరితిత్తుల్లో రక్తపోటు, ఐఎల్‌డీ ఉన్నవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు మొదటి వారాలు సెంటర్‌లోనే చేయడం క్షేమం. దగ్గర్లో సెంటర్ ఉండి, వెళ్లిరాగలిగితే మిగిలినవాళ్లకూ అదే మేలు. లేదంటే ఒక్కసారైనా పరీక్ష చేయించుకుని, ఇంట్లో వారంవారం అడిగే మనిషిని ఒకరిని పెట్టుకోవాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ మేనకోడలిది. "తాతయ్యా, ఎన్నిసార్లు లేచావు?" అని ఆమె ఫోన్ చేస్తే నాన్న అబద్ధం చెప్పలేరు, నాకైతే చెప్పేస్తారు.

ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, ఈమధ్యే గుండెపోటు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం లాంటివి ఉంటే డాక్టరు సరేననేదాకా ఏదీ మొదలుపెట్టకూడదు. వ్యాయామంలో ఆక్సీమీటర్ 88 కిందికి దిగితే ఆగాలి, రోజూ దిగుతుంటే డాక్టరుకు చెప్పాలి. చల్లబడ్డ వేళ్లకు, గోళ్లరంగుకు ఆ అంకె తప్పు చూపించగలదు, నల్లటి చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ కూడా చూపవచ్చు. అందుకే అంకెతోపాటు మనిషి మొహం కూడా చూడండి. ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టరు చెప్పినట్టు ముందే ఇన్‌హేలర్ తీసుకుని, ఓ పది నిమిషాలు మెల్లగా ఒళ్లు వేడెక్కించుకోవాలి. జ్వరం వచ్చినా, కఫం రంగు మారినా వ్యాయామానికి సెలవు. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరి వచ్చినవాళ్లు మాత్రం నెలల తరబడి మంచం పట్టుకుని ఉండకూడదు, ఇంటికొచ్చిన నాలుగు వారాల్లోపే రిహాబ్ మొదలుపెట్టడం మంచిది.

ఇప్పుడు నాన్నకు వారానికి నాలుగు రోజులు ఆగి ఆగి నడక, రెండు రోజులు కుర్చీ. వాన పడితే సైకిల్. మెట్ల మీద ఇప్పటికీ ఆగుతారు గానీ, సగంలో కాదు, పైనుంచి మూడో మెట్టు దగ్గర. ఫోన్ బయటికి తీయరు. రెయిలింగ్ మీద చేతులు ఆనించి, పెదవులు చుట్టి ఊదుతూ, "ఆగు, వస్తున్నా" అంటారు.