షెల్ ప్లేట్ కింద స్ప్రింగుతో ఆరేళ్ళ గొడవ

పిస్టల్ తూటాలు ఇంట్లోనే చేసుకునే ప్రెస్ నాది. హ్యాండిల్ ఒకసారి లాగి వదిలితే, కేసుల్ని (తూటాల ఖాళీ గుల్లల్ని) పట్టుకుని ఉండే షెల్ ప్లేట్ ఒక స్టేషన్ ముందుకు తిరిగి టక్కుమని ఆగుతుంది. నా గొడవంతా ఆ టక్కుతోనే.

డాలస్ శివార్లలో మా గరాజ్‌లో ఉన్నది ఐదు స్టేషన్ల ప్రోగ్రెసివ్ ప్రెస్, అంటే ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని జరిగి తూటా వరసగా తయారయ్యే రకం. పేరు చెప్పను, చెబితే ఆ కంపెనీ భక్తులు మీద పడతారు. ఆరేళ్ళలో ముప్పై వేల పైచిలుకు తూటాలు చేశాను, దాదాపు అన్నీ 9 ఎం.ఎం.లే. గంటకి ఎన్ని వస్తాయి, డైలు (ఒక్కో స్టేషన్ పైన కేసు మీద పనిచేసే అచ్చులు) ఎలా బిగించాలి అన్నవి ఇక్కడ చెప్పను.

9 ఎం.ఎం. కేసు 19 మి.మీ. పొడవే. నేను వాడే పౌడర్ (తూటా మందు) పొంగు ఎక్కువ రకం, సగానికి పైనే నిండుతుంది. బుల్లెట్ (తూటా కొసన ఉండి, కాల్చినప్పుడు ఎగిరిపోయే ముక్క) ఇంకా కూర్చోలేదు కాబట్టి మూతి తెరిచే ఉంటుంది. ప్లేట్ టక్కుమన్నప్పుడల్లా నిండు గ్లాసులో టీ తొణికినట్టు నాలుగు పలుకులు బయటికి. నాలుగేగా, పోనీలే అనుకున్నాను. అవి ఎక్కడికి పోతున్నాయో చూసుకోలేదు.

2022లో ఒక శనివారం, యు.ఎస్.పి.ఎస్.ఎ. (అమెరికాలో పిస్టల్ షూటింగ్ పోటీలు నడిపే సంఘం) లోకల్ మ్యాచ్. మూడో స్టేజ్ (పోటీలో ఒక విడత) మధ్యలో ట్రిగ్గర్ నొక్కితే క్లిక్. స్లైడ్ లాగి తీసేసి ముందుకెళ్ళా. ఇంకో నాలుగు తూటాల తర్వాత మళ్ళీ క్లిక్. ఇంటికొచ్చి ఆ బ్యాచ్‌లో మిగిలిన తూటాలని ఒక్కొక్కటిగా గాజు బల్ల మీద నిలబెట్టాను. కొన్ని కుంటి పీటల్లా ఊగాయి. అడుగున వేలు పెట్టి తడిమితే ప్రైమర్ (పిన్ దెబ్బకి పేలి పౌడర్‌ని అంటించే చిన్న బిళ్ళ) పైకి తేలి తగులుతోంది. అది కేసు అడుగుకి వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి ఉంటే ఫైరింగ్ పిన్ దెబ్బంతా దాన్ని లోపలికి తోయడానికే సరిపోతుంది, పేలదు.

ప్లేట్ విప్పి చూస్తే కింద గసగసాలు పరిచినట్టు పౌడర్. దాని మీద ప్లేట్ కాస్త ఎత్తుగా కూర్చుంటోంది, ప్రైమర్ పూర్తిగా దిగట్లేదు. తేలినవి 31. నిండు తూటాలో ప్రైమర్‌ని మళ్ళీ నొక్కే సాహసం చెయ్యకూడదు కాబట్టి, పుల్లర్ సుత్తితో కొట్టి కొట్టి బుల్లెట్లు ఊడదీశాను. రెండు సాయంత్రాలు రోకలి దంపుడే.

ఆ తర్వాత మొదలైంది మరమ్మతు. ప్లేట్‌ని ఆపేది కింద ఉండే ఒక చిన్న గోళీ, దాన్ని పైకి తోసే స్ప్రింగు. స్ప్రింగులో ఒక చుట్టు కత్తిరిస్తే టక్కు సగమైంది. ఆశ ఊరుకోక ఇంకో అర చుట్టు కత్తిరించా. ప్లేట్ సరైన చోట ఆగడం మానేసింది, కేసు మూతి డై అంచుకి తగిలి అప్పడమైంది. స్ప్రింగు చవకే, ముందే నాలుగు కొని పెట్టుకోండి.

అసలు మేలు చేసింది బేరింగు. మధ్య బోల్టు బిగిస్తే ప్లేట్ పట్టేస్తుంది, వదులు చేస్తే లేస్తుంది, లేస్తే మళ్ళీ ప్రైమర్ తేలుతుంది. బోల్టు కింద పల్చటి బేరింగు వేశాక గట్టిగా బిగించినా వెన్నలా తిరుగుతోంది. ఇది కంపెనీయే వేసి ఇవ్వొచ్చుగా అన్న కోపం మాత్రం పోలేదు.

మొదటి ఏడాది ముగ్గురు స్నేహితులకి కళ్ళు మూసుకుని కొనమన్నాను. ఇప్పుడు అంత ధైర్యంగా అనను. పౌడర్ చిందడం ఆగింది గానీ, హ్యాండిల్ నెమ్మదిగా లాగితేనే. చెయ్యి తొందరపడితే ఇప్పటికీ రెండు పలుకులు రాలతాయి. పౌడర్ తక్కువైతే కూసే డై ఉన్నా ప్రతి కేసులోకీ తొంగి చూస్తాను, పౌడర్ చాలక బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటే తర్వాతి తూటాకి పిస్టల్‌తో పాటు వేళ్ళూ పోవచ్చు. అలా తొంగి చూడడానికి పైన అతికించిన చిన్న ఎల్.ఇ.డి. లైటు అన్నిటికన్నా చవకైన మార్పు, అన్నిటికన్నా పనికొచ్చింది కూడా. (హైదరాబాద్ మిత్రుడొకడు తనకీ ఒక ప్రెస్ పంపమన్నాడు. ఇక్కడ సొంత వాడకానికి లైసెన్సు అడగరు గానీ అక్కడ తూటా తయారీ ఆయుధాల చట్టం కిందికొస్తుంది బాబూ అన్నాను.)

నెలకి అయిదొందలు కాలుస్తాను కాబట్టి నాకు గిట్టుబాటే. 2021లో వెయ్యి ప్రైమర్లు వంద డాలర్లు దాటినప్పుడు అదీ అనలేకపోయాను. నెలకి వంద కాల్చేవాళ్ళకి ఒకసారికి ఒకే పని చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ చాలు, ఈ తలనొప్పులు ఉండవు. మళ్ళీ కొంటావా అంటే, వాడింది దొరికితే కొంటాను. బేరింగు వేసి ఉంటే ఇంకో యాభై డాలర్లు ఎక్కువిస్తాను.