కార్డు సంగతి తర్వాత, ముందు ఏ అకౌంటు మేలు?

మన విశాఖలో దువ్వాడ సెజ్‌లోనో రుషికొండ ఐటీ కంపెనీలోనో కొత్తగా చేరినవాళ్లు ముందుగా అడిగేది ఏ కార్డు తీసుకోవాలనే. నన్నడిగితే అకౌంటు ముందు, కార్డు తర్వాత. డెబిట్ కార్డంటే ఆ అకౌంటుకు తాళంచెవి, అంతే. దాని మీద ప్లాటినం అని రాసి ఉన్నంత మాత్రాన లోపల డబ్బు పెరగదు. ఏడాది ఛార్జీ మాత్రం పెరుగుతుంది.

కంపెనీ తెరిపించే శాలరీ అకౌంటులో మినిమం బ్యాలెన్స్ గొడవ ఉండదు. కానీ ఆ సౌకర్యం జీతం పడుతున్నన్నాళ్లే. ఉద్యోగం మానేసి కొన్ని నెలలు జీతం పడకపోతే అది మామూలు సేవింగ్స్ అకౌంటు అయిపోతుంది. చాలా ప్రైవేటు బ్యాంకుల్లో అక్కణ్నుంచి మినిమం బ్యాలెన్స్ లేదని కోతలు మొదలవుతాయి. స్టేట్ బ్యాంకు ఈ జరిమానాను 2020లోనే ఎత్తేసింది, 2025లో మరికొన్ని ప్రభుత్వ బ్యాంకులూ అదే పని చేశాయి. ఉద్యోగాలు మారే వయసులో జీతం ఒకచోట పడినా, దాచుకునే సొమ్ము ఇలా జరిమానా లేని రెండో అకౌంటులో ఉండటం మంచిది. ఇంట్లో పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కు ఉంటే (అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, మన పెద్దవాళ్లకు మాత్రం ఇంకా ఆంధ్రా బ్యాంకే) ఒకసారి కదిలించి చూడండి. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రలోకి పోతుంది, లేపాలంటే మళ్లీ కేవైసీ (గుర్తింపు, చిరునామా పత్రాలు) ఇవ్వాలి.

ఇంట్లో పనిచేసే ఆవిడకీ, ఫిషింగ్ హార్బర్‌లో రోజుకూలికి వెళ్లేవాళ్లకీ జన్‌ధన్‌ను మించింది లేదు. రూపాయి లేకపోయినా ఫైను పడదు, రూపే కార్డు ఉచితం. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలైతే కార్డు మీద 2 లక్షల ప్రమాద బీమా కూడా ఉంది. అయితే కార్డును బీరువాలో దాచేస్తే బీమా రాదు, ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒక్కసారైనా వాడి ఉండాలి. ఈ మాట కౌంటర్లో చెప్పేవాళ్లు తక్కువ. జన్‌ధన్‌లో తిరకాసు ఒకటుంది, అదే బ్యాంకులో మరో సేవింగ్స్ అకౌంటు ఉండకూడదు.

పూర్ణా మార్కెట్లో రోజంతా జమలు, చెల్లింపులు జరిపే వ్యాపారికి కరెంట్ అకౌంటు తప్పదు, దాని మీద వడ్డీ రాదు. మర్చంట్ నేవీలో వెళ్లిన కుర్రాళ్లు ఎన్ఆర్ఐ లెక్కలోకి వస్తే విదేశీ జీతానికి ఎన్ఆర్ఈ, ఇక్కడి అద్దెలకు ఎన్ఆర్ఓ తెరవాలి.

ఇక డెబిటా, క్రెడిటా? డెబిట్ కార్డు గీస్తే మన డబ్బు పోతుంది, క్రెడిట్ కార్డు గీస్తే బ్యాంకు డబ్బు. మోసం జరిగినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. డెబిట్‌లో ఇంటద్దె సొమ్ము ఆ క్షణమే ఖాళీ అవుతుంది, క్రెడిట్‌లో బిల్లు కట్టేలోపు కొట్లాడే సమయం దొరుకుతుంది. అందుకే ఆన్‌లైన్ కొనుగోళ్లకు నా ఓటు క్రెడిట్ కార్డుకే, బిల్లు మొత్తం కట్టగలిగినవాళ్లకు మాత్రమే సుమా. 20 వేల బిల్లుకు 'మినిమం డ్యూ' (కనీసం కట్టాల్సింది) 1,000 కట్టి ఊపిరి పీల్చుకుంటే, మిగిలిన 19 వేల మీద నెలకు 3.5 శాతం అనుకున్నా 665 రూపాయల వడ్డీ, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడతాయి. ఆ తర్వాత కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే.

నగదుకు డెబిట్ కార్డే వాడండి. విశాఖ మెట్రో నగరాల జాబితాలో లేదు కాబట్టి ఇక్కడ వేరే బ్యాంకు ఏటీఎంలలో నెలకు ఐదు లావాదేవీలు ఉచితం, హైదరాబాద్‌లో మూడే. అవి దాటాక ఒక్కోదానికి 23 రూపాయల దాకా, పన్ను అదనం.

క్రెడిట్ కార్డుల్లోనూ రూపే ఒకటుంటే యూపీఐకి కలుపుకోవచ్చు, వీసా, మాస్టర్‌కార్డులకు ఆ వీలు లేదు. కాకపోతే వ్యాపారం కోసమని తీసుకున్న క్యూఆర్‌కే పని చేస్తుంది. రైతుబజారులో సొంత నంబరు క్యూఆర్ పెట్టుకున్న కూరగాయల మామ్మకు మాత్రం సేవింగ్స్ అకౌంటు నుంచే పంపాలి.