బ్యాంకాక్ వెళ్లేవారికి హెచ్చరిక: ప్యాలెస్ మూసి ఉందంటే నమ్మకండి

అక్కడి మనిషినే తోడు పెట్టుకుని ఊరు చూద్దామని ఆన్‌లైన్‌లో మాట్లాడుకుని బ్యాంకాక్ బయలుదేరేవారు దయచేసి ఇది చదవండి. గత నెలలో నేను, మావారు, మా అమ్మ అలాగే వెళ్లి మోసపోయాం.

రోజుకు 3,000 బాట్లు ముందే పంపించాం. ఉదయం హోటల్‌కు వచ్చిన మనిషి ఎంతో మర్యాదగా ఉన్నాడు. అమ్మకు చేయి అందించి బండి ఎక్కించాడు, దారిలో కొబ్బరి బొండాలు కొనిపెట్టాడు. అమ్మ కోరిక ఒక్కటే. గ్రాండ్ ప్యాలెస్ ప్రాంగణంలో మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ఉన్న మండపాల గోడల మీద రామాయణాన్ని 178 ఘట్టాలుగా చిత్రించారు. అక్కడివాళ్లు దాన్ని రామకియన్ అంటారు. లంకను, వారధిని, హనుమంతుణ్ణి థాయ్ చిత్రకారులు ఎలా ఊహించారో చూడాలని ఆమె టికెట్లు కొన్న రోజు నుంచీ చెబుతూనే ఉంది.

ప్యాలెస్ తెల్లగోడ కనిపిస్తుండగా అతడు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి, "ఈ ఉదయం రాజకుటుంబం పూజ ఉందట, మధ్యాహ్నం దాకా లోపలికి పంపరు" అన్నాడు. నమ్మాం. ఈలోగా పడవ షికారు అంటూ ఒక చిన్న రేవుకు తీసుకెళ్లి మనిషికి 1,500 బాట్లు కట్టించాడు. అరగంట తిప్పి దించేశారు. చావో ఫ్రాయా నదిలో అందరూ ఎక్కే నారింజ జెండా పడవకు టికెట్టు 20 బాట్ల లోపే.

అసలు దెబ్బ ఆ తర్వాత అతడు తీసుకెళ్లిన రత్నాల దుకాణంలో తగిలింది. చల్లని గది, నల్ల మఖమల్ గుడ్డ మీద నీలాలు, పక్కనే నిమ్మగడ్డి టీ. "ప్రభుత్వ పథకం, పన్ను లేదు, ఈ రోజే ఆఖరు. మీ దేశంలో అమ్మితే రెట్టింపు వస్తుంది" అన్నారు. మా మనిషి కూడా తన చెల్లెలి పెళ్లికి అక్కడే కొన్నానన్నాడు. మావారు కార్డు గీశారు, 18,000 బాట్లు.

ప్యాలెస్‌కు చేరేసరికి 3:40. టికెట్లు ఇచ్చేది 3:30 దాకానే. లోపలి నుంచి జనం గుంపులుగా బయటికి వస్తున్నారు. గేటు దగ్గరి ఉద్యోగిని అడిగితే, ఉదయం 8:30 నుంచి తెరిచే ఉందన్నాడు. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. గోడ నీడలో కూర్చుని చాలాసేపు కాళ్లు ఒత్తుకుంది. మరునాడు తెల్లవారుజామునే మా విమానం.

హైదరాబాద్‌లో రాయిని పరీక్ష చేయించాం. కృత్రిమ నీలమని తేలింది. సూక్ష్మదర్శినిలో నాకూ చూపించారు, లోపలి గీతలు వంపు తిరిగి ఉన్నాయి. సహజమైన నీలంలో అవి తిన్నగా, కోణాలు తిరిగి ఉంటాయట. డబ్బు తిరిగి ఇస్తామన్న దుకాణం ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

మాకు ముందే తెలిసి ఉండాల్సినవి చెబుతాను. ప్యాలెస్ రోజూ ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు తెరిచి ఉంటుంది, విదేశీయులకు టికెట్టు 500 బాట్లు. ఏ రోజైనా మార్పు ఉంటే ప్యాలెస్ సొంత వెబ్‌సైట్‌లో చూసుకోండి, లేదా గేటు దాకా నడిచి వెళ్లి అడగండి. దారిలో ఎవరు చెప్పినా ఆగకండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. మెట్రోలో సనమ్ చై స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లవచ్చు, ఎవరి బండీ అక్కర్లేదు. డబ్బు తీసుకుని ఊరు చూపించేవారికి థాయ్ ప్రభుత్వం ఇచ్చిన గైడ్ లైసెన్సు కార్డు ఉండాలి. ముందుగా డబ్బు పంపకుండా ఆ కార్డు ఫొటో అడగండి. మేం అడగలేదు. రత్నాల దుకాణం పేరు ఎత్తగానే బండి దిగిపోండి. పర్యాటక పోలీసుల నంబరు 1155, అక్కడ ఉండగానే ఫోన్ చేయండి. ఇంటికి వచ్చాక ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో ఇప్పుడు అనుభవిస్తున్నాం.

పెద్దవాళ్లను తీసుకెళుతుంటే ప్యాలెస్‌ను మొదటి రోజే, 8:30కే పెట్టుకోండి. మేం దాన్ని చివరి రోజుకు ఉంచుకున్నాం.