ప్రచురించు బటన్ నొక్కుతూ పదహారేళ్ళు

ఒక మిక్సీనో స్కూటరునో పదహారేళ్ళు వాడినవాడు దాని గురించి నాలుగు ముక్కలు చెబితే జనం వింటారు. నేను 2009 నుంచి ఆన్‌లైన్‌లో రాస్తున్నాను. కథలు, జ్ఞాపకాలు, చదివిన పుస్తకాల మీద కబుర్లు, అప్పుడప్పుడూ ఎవరిమీదో కోపం. రాయడం నా ఉద్యోగం కాదు. దీనివల్ల ఇప్పటిదాకా పైసా రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక గంటో గంటన్నరో దొరికితే రాసుకునే బాపతు. అలాంటివాడికి ఆన్‌లైన్ రాత అనే ఈ సరుకు ఎంతవరకు పనికొస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష.

దీనికి ముందు వాడిన సరుకు సంగతి కొంచెం చెప్పాలి. అప్పట్లో పత్రికలకి పంపేవాణ్ణి. కాగితానికి ఒకవైపే రాయాలి, మార్జిను వదలాలి, తిరుగు టపాకి సరిపడా స్టాంపులంటించి సొంత చిరునామా రాసిన కవరు జతచేయాలి. ఇక నెలల తరబడి పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూపులు. పంపిన కథలు రెండే, రెండూ తిరిగొచ్చాయి. మొదటిదాంతో పాటు చీటీ కూడా లేదు. రెండోదాని చివరి పేజీలో మాత్రం పెన్సిలుతో మూడు మాటలున్నాయి: ‘ముగింపు ముందే తెలిసిపోతోంది.’ నెలరోజులు ఆ పెన్సిలు మనిషిని తిట్టుకున్నాను. తర్వాత ఒకరోజు కథ బయటికి తీసి చదువుకుంటే నిజమే, రెండో పేజీకే తెలిసిపోతోంది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అందుకే 2009లో మొదటిసారి ‘ప్రచురించు’ బటన్ నొక్కినప్పుడు నాకు రెక్కలొచ్చినట్టయింది. నొక్కాను, వచ్చేసింది. పొద్దున లేచేసరికి ముక్కూమొహం తెలియని మనిషెవరో కింద ‘బాగుందండీ’ అని రాశారు. కవరు లేదు, స్టాంపు లేదు, కాదనేవాడు లేడు. ఈ చివరిది సుఖం కాదు, లోపం అని తెలియడానికి నాకు చాలా ఏళ్ళే పట్టింది.

పనిముట్ల మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. బ్లాగులు పెట్టుకునే బ్లాగర్ 1999లో వచ్చింది, అలాంటిదే వర్డ్‌ప్రెస్ 2003లో. నేను దిగేసరికే ఎవరైనా వాడగలిగేంత సులువుగా తయారయ్యాయి. రంగులు, అక్షరాల సైజులు, పక్కన గడియారం బొమ్మ, ఇలాంటి హంగులతో మొదటి ఏడాదంతా గడిపాను. రాసింది తక్కువ, అలంకారం ఎక్కువ. ఇప్పుడు మామూలు టెక్స్ట్ ఫైల్లో రాస్తాను. శీర్షికకి ముందో గుర్తు, ఒత్తి చెప్పాల్సిన మాటకి అటూఇటూ రెండేసి చుక్కగుర్తులు (**) పెట్టే మార్క్‌డౌన్ పద్ధతి 2004 నుంచీ ఉంది. అది చాలు. ఆ ఫైలు పదేళ్ళ తర్వాత ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది, అదీ నాకు కావలసింది.

ఎందుకు కావలసిందో చెప్తాను. నేను మొదలుపెట్టిన 2009లోనే జియోసిటీస్ మూతపడింది. 1990ల్లో లక్షలమంది సొంత పేజీలు కట్టుకున్న చోటది. ఆ వార్త చదివి ‘అయ్యో పాపం’ అనుకుని పేజీ తిప్పేశాను. మనదాకా రాలేదు కదా. కొన్నేళ్ళకి వచ్చింది. నేను రాతలన్నీ పెట్టుకున్న సర్వీసు వాళ్ళు ‘ఇన్నాళ్ళూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు’ అని మొదలయ్యే మెయిలొకటి పంపారు. అలా మొదలయ్యే మెయిల్లో మంచివార్త ఉండదని నాకప్పటికి తెలియదు. అసలు ఆ మెయిలే నేను సమయానికి చూడలేదు, ఆఫర్ల మెయిళ్ళ మధ్య ఎక్కడో పడి ఉంది. చూసేసరికి నాలుగు రోజులు మిగిలాయి. నా రాతలు 212. ఎక్స్‌పోర్ట్ అని కొడితే ఒకే ఒక్క పెద్ద ఫైలొచ్చింది. అందులో అక్షరాలున్నాయి, కామెంట్లున్నాయి, ఫొటోల స్థానంలో మాత్రం వాటి లింకులున్నాయి. అయిదోరోజు నుంచి ఆ లింకులు ఎటూ పోవు.

కొన్ని ఫొటోలు వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1996 నుంచి వెబ్ పేజీల నకళ్ళు దాస్తోంది. 2001లో ఈ వేబ్యాక్ మెషీన్ ద్వారా వాటిని అందరికీ చూడనిచ్చింది. నా పాత చిరునామా అక్కడ కొడితే, క్యాలెండరులో అక్కడక్కడా చుక్కలు. ఒక్కో చుక్క ఆ రోజు ఎవరో నా పేజీ ఫొటో తీసినట్టు. చుక్క లేని రోజుల్లో పెట్టినవి కొన్ని ఎప్పటికీ దొరకలేదు. డ్రాఫ్టుల్లో సగం సగం రాసి వదిలేసినవైతే పూర్తిగా పోయాయి. నిజం చెప్పాలంటే వాటి కోసమే ఎక్కువ బాధపడ్డాను. ఇది నా ఒక్కడి గొడవ కాదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళ తర్వాత తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో లెక్క తేల్చింది. ఆన్‌లైన్‌లో పెడితే శాశ్వతం అని మనకి చెప్పిందెవరో గానీ వాళ్ళ పేజీ కూడా ఈపాటికి పోయి ఉంటుంది. ఇప్పుడు రాసిన ప్రతిదీ ల్యాప్‌టాప్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి ఉంచుతాను. కాగితం చూసి ఇంట్లో నవ్వుతారు.

చదివేవాళ్ళ సంగతికొస్తే, ఒకప్పుడు నచ్చినవాళ్ళ రాతలన్నీ ఆర్‌ఎస్‌ఎస్ (సైట్లలో కొత్తగా వచ్చినవాటిని మన దగ్గరికి చేర్చే వెబ్ సదుపాయం) ద్వారా ఒకచోట పెట్టుకుని చదివేవాళ్ళు. ఎవరు కొత్తగా రాసినా తేదీ వరసలో వచ్చి కూర్చునేది. అంతే, ఇంకే తెలివితేటలూ లేవు. అలా చదవడానికి చాలామంది అలవాటుపడ్డ గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. ఆర్‌ఎస్‌ఎస్ ఇప్పటికీ బతికే ఉంది, నేను వాడుతున్నాను కూడా, కానీ జనం చాలామంది సోషల్ మీడియాకి తరలిపోయారు. అక్కడ మనం రాసింది ఎవరికి కనబడాలో తేదీ కాదు, యంత్రం నిర్ణయిస్తుంది. జనం ఎక్కడ ఆగుతారో దాన్నే అది ఇంకా ముందుకు తోస్తుంది. దీనివల్ల పాఠకులు తగ్గారా పెరిగారా అన్నది నాకు ముఖ్యం కాదు. నా మొదటి వాక్యాలు మారిపోయాయి. పాత ఫైళ్ళు చూస్తే నా రచనలు ‘ఆ ఏడు వాన ఆలస్యమైంది’ లాంటి వాక్యాలతో మొదలయ్యేవి. కొన్నేళ్ళు పోయాక ‘ఈ నిజం మీకెవరూ చెప్పరు’ అని మొదలవుతున్నాయి. నేనే రాశాను, ఎవరూ బలవంతపెట్టలేదు. సంతలో పక్కవాడు అరుస్తుంటే మనమూ గొంతు పెంచుతాం, అలాగే.

ఇక అంకెలు. ఒక కథ మూడు నెలలు రాశాను. ఒక వృద్ధుడు చనిపోయాక ఇంట్లోవాళ్ళు ఆయన సామాను సర్దే కథ. చూసినవాళ్ళు 41. అందులో ఫోనులో ఒకసారి, ఆఫీసు కంప్యూటర్లో ఒకసారి, అక్షరదోషాలు దిద్దుతూ పది పదిహేనుసార్లు చూసింది నేనే. అదే నెలలో ఎవరో రాసింది చదివి ఒళ్ళుమండి ఇరవై నిమిషాల్లో కొట్టిపారేసిన ముక్కని వేలమంది చదివారు. రెండ్రోజులు ఫోను పక్కన పెట్టలేకపోయాను. భోజనం దగ్గర కూడా అంకె చూసుకోవడమే. తర్వాతి వారం మళ్ళీ రాయబోతే, నాకు తెలియకుండానే ఎవరిమీద కోపం తెచ్చుకోవాలా అని వెతుక్కుంటున్నాను. ఆ రోజే లెక్కలు చూపించే పేజీని ఆపేశాను. మొదటి నెల సిగరెట్ మానినవాడిలా గిలగిల్లాడాను.

న్యూస్‌లెటర్ కూడా ఒక ఏడాది వాడాను. రాతల్ని మెయిల్లో పంపిపెట్టే సబ్‌స్టాక్ లాంటి సర్వీసులు వచ్చాక అదో ఊపు. మెయిల్ నేరుగా పాఠకుడి దగ్గరికే పోతుంది, మధ్యలో యంత్రం లేదు, బాగుంది. కానీ ప్రతి ఆదివారం పంపుతానని నాకు నేనే ప్రకటించుకున్నాను. శనివారం వస్తే టెన్షన్. సరదాకి రాసేవాడికి డెడ్‌లైన్ ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. మానేశాను.

అన్నిటికన్నా మేలు చేసింది నేను ఓడిపోయిన పందెం. నవంబరు నెలలో 50,000 మాటల నవల రాయాలనే నానోరైమో గురించి వినే ఉంటారు. 1999లో 21 మందితో మొదలై ప్రపంచమంతా పాకింది. దాన్ని నడిపిన సంస్థ మూసేస్తున్నట్టు 2025లో ప్రకటించింది. రోజుకి 1,667 మాటలు రాస్తేగానీ లెక్క కుదరదు. నేను 31,000 దగ్గర చతికిలపడ్డాను. నవల చెత్తబుట్టకే పోయింది. కానీ అప్పుడు నాలాగే చతికిలపడ్డ మరో ముగ్గురు పరిచయమయ్యారు. మెయిళ్ళలో మా నలుగురి జట్టు తయారైంది. నెలకొకరు పది పేజీలకి మించకుండా పంపాలి, మిగతా ముగ్గురూ చదివి రాయాలి. నియమం ఒకటే: ‘బాగుంది’ అనే మాట వాడకూడదు. ఎక్కడ చదవడం ఆగిపోయిందో చెప్పాలి, అంతే. ‘నాలుగో పేజీలో ఫోన్ చూసుకున్నాను’ అని ఒకావిడ రాస్తారు. అంతకన్నా పనికొచ్చే విమర్శ నాకెవరూ ఇవ్వలేదు. ఒకసారి నా కథకి ముగ్గురూ వేర్వేరుగా ఒకే మాట రాశారు, చివరి పేరా తీసెయ్యమని. ఆ రాత్రి బీరువాలోని పెన్సిలు కాగితం గుర్తొచ్చింది. అన్నేళ్ళ వందల కామెంట్లలో నాకు దొరకనిది ఈ ముగ్గురి దగ్గర దొరికింది.

2022 నవంబరులో, అడిగింది రాసిపెట్టే యంత్రం చాట్‌జీపీటీ వచ్చాక ఏమైందో చెప్పకుండా ఈ సమీక్ష ముగించలేను. క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక, యంత్రాలతో రాయించిన కథలు వరదలా వచ్చిపడటంతో, 2023 ఫిబ్రవరిలో కొన్నాళ్ళు కథలు తీసుకోవడమే ఆపేసింది. నా స్థాయిలో వచ్చిన మార్పు కామెంట్లలో. పూర్వం ‘బాగుందండీ’ అనేవాళ్ళు. ఇప్పుడు అయిదు వాక్యాలు రాస్తున్నారు, మర్యాదగా, నా కథ సారాంశం నాకే చెబుతూ. చదివింది మనిషో కాదో పట్టుకోలేకపోతున్నాను. పాత ‘బాగుందండీ’ మీద ఇప్పుడు గౌరవం పెరిగింది.

నేనూ వాడి చూశాను, అబద్ధమెందుకు. ఆ 41 మంది చదివిన కథనే ఇచ్చి మెరుగుపరచమన్నాను. అందులో నాకిష్టమైన వాక్యమొకటుంది: ‘చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, ఎడమకాలిది మడమ దగ్గర ఒకవైపే అరిగి.’ ఆయన కుంటేవాడని కథలో ఇంకెక్కడా చెప్పలేదు. యంత్రం దాన్ని ఇలా దిద్దింది: ‘ఆయన జ్ఞాపకాలు ఆ ఇంటి ప్రతి మూలలోనూ సజీవంగా నిలిచి ఉన్నాయి.’ తప్పేం లేదు, వ్యాకరణం శుభ్రంగా ఉంది. చెప్పులు పోయాయి, మడమ పోయింది, మనిషి పోయాడు. పైగా మా జట్టు తీసెయ్యమన్న ఆ చివరి పేరాని ‘హృదయాన్ని తాకే ముగింపు’ అని మెచ్చుకుంది. కాదనేవాడు లేని చోటికి, కాదనడం చేతకానిది ఇంకొకటి తోడైంది. న్యాయంగా చెప్పాలంటే కొన్ని పనులకి ఉపయోగమే. మొదట్లో ఒక పేరున్న పాత్ర ఎనిమిదో పేజీలో ఇంకో పేరుతో తిరుగుతుంటే అదే పట్టుకుంది. ఆ పని చేయించుకుంటాను, వాక్యాల జోలికి రానివ్వను.

స్టార్లు ఇమ్మంటే అయిదుకి మూడున్నర. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా అర్ధరాత్రి రాసి, అర్ధరాత్రే నలుగురి ముందు పెట్టగలగడం ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది, అందుకు మూడు. ఆ అర స్టారు ఒక పాఠకుడిది. ఆయనెవరో, ఏ ఊరో తెలియదు. పదకొండేళ్ళుగా మెయిల్ రాస్తారు. బాగుందనరు, బాగోలేదనరు. అచ్చుతప్పులు మాత్రమే చెబుతారు, అదీ ఏ పేరాలో ఏ లైనో లెక్కపెట్టి. అంటే ప్రతి లైనూ చదువుతున్నారన్నమాట.

మొన్న రాత్రి కూడా ఒకటొచ్చింది: ‘మూడో పేరా, అయిదో లైను. అప్పుడు అని రెండుసార్లు పడింది.’

తెరిచి చూశాను. పడింది. ఒకటి తీసేశాను.