బాయేసాలో వణికి, ఉబేదలో తేరుకున్నాం

ముందే చెప్పేస్తున్నా. చలికాలంలో స్పెయిన్ వెళ్తూ "పదహారో శతాబ్దపు రాతి మేడలో బస" అనే ప్రకటన చూస్తే, ఫోటోలు చూసి మురిసిపోండి కానీ డబ్బు మాత్రం కట్టకండి. మేం కట్టాం. మూడు రాత్రులకి 354 యూరోలు, శుభ్రం చేసే ఖర్చని ఇంకో 45.

అమ్మానాన్నలు జంగారెడ్డిగూడెం దగ్గర్నుంచి స్టుట్‌గార్ట్‌లో మా ఇంటికి వచ్చి నెలయింది. నాన్నకి కోటలూ చర్చిలూ పట్టవు. పాతికేళ్లుగా పామాయిల్ తోట మీద బతికిన మనిషి. దక్షిణ స్పెయిన్‌లోని హాయెన్ జిల్లాలో ఆరు కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయని మా ఆయన ఒకరోజు నోరు జారాడు. "అయితే అక్కడికే పదండి" అన్నాడు నాన్న. అలా డిసెంబరు రెండో వారంలో మలగాలో దిగి కారు అద్దెకు తీసుకున్నాం. గ్రనడాలో ఒక రోజు ఆగి అల్‌హంబ్రా కోట చూశాం. బాగుంది.

గ్రనడా దాటాక ఇక కొండలన్నీ ఆలివ్ చెట్లే, దువ్వెనతో పాపిట తీసినట్టు వరసలు. నాన్న కిటికీకి అతుక్కుపోయాడు. సాయంత్రం ఆరున్నరకి ఆ జిల్లాలోని బాయేసా అనే ఊరు చేరాం, మేం కట్టిన మేడ ఇక్కడే. ఇంటివాళ్లు ఎవరూ లేరు, తాళంచెవి గోడకున్న డబ్బాలో ఉందన్నారు. వాళ్లిచ్చిన నంబరు కొడితే డబ్బా తెరుచుకోలేదు. 40 నిమిషాలు సందులో నిలబడ్డాక, "సారీ, అది పాత నంబరు" అని మెసేజ్.

లోపల బయటికంటే చలి. నిజంగానే. మీటరు మందం రాతి గోడలు వేసవిలో వరమేమో, డిసెంబరులో మాత్రం ఐసుపెట్టె. హీటర్ పట్టుకుంటే చల్లగా ఉంది. అడిగితే, రాత్రి 8 నుంచి 11 దాకా మాత్రమే వేస్తామని, ఎక్కువ కావాలంటే రోజుకి 15 యూరోలని జవాబు. ప్రకటనలో "ఇల్లంతా హీటింగ్" అని రాశారు, మూడు గంటలే అని రాయలేదు. 15 కట్టాం. గదులు వెచ్చబడేసరికి తెల్లారింది. గీజరులో వేణ్నీళ్లు ఇద్దరికే సరిపోయాయి. అమ్మ మంకీ టోపీ, స్వెట్టర్, శాలువ, రెండు దుప్పట్లతో పడుకుని కూడా "ఈ మేడలో రాజులు ఎలా బతికారే?" అంటూనే ఉంది. నాన్న ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్.

రెండో రాత్రీ అంతే. డబ్బు వాపసు అడిగితే, పాత ఇళ్లు చల్లగానే ఉంటాయి, అదే వాటి అందం అని రాశారు. మూడో రాత్రి డబ్బు వదులుకుని, పొద్దున్నే తాళం వేసి బయటపడ్డాం.

మాట పక్కదారి పట్టించేవాళ్లని స్పానిష్‌వాళ్లు "ఉబేద కొండల్లోకి వెళ్లాడు" అంటారు, ఉబేద అంటే ఈ పక్క ఊరే. నేనూ వెళ్లిపోయాను. అసలు బాయేసా ఊరు మాత్రం చక్కగా ఉంది. తేనెరంగు రాళ్ల ఇళ్లు, సింహాల ఫౌంటెన్ ఉన్న చిన్న చౌకు, మసీదు ఉన్న చోట కట్టిన కేథడ్రల్. పాత విశ్వవిద్యాలయ భవనంలో కవి ఆంతోనియో మచాదో పాఠం చెప్పిన తరగతి గదిని బల్లలతో సహా ఉంచారు. 1912లో భార్య పోయిన దుఃఖంతో వచ్చి 1919 దాకా ఇక్కడ ఫ్రెంచి చెప్పాడట. అక్కడ అమ్మ ఎక్కువసేపు నిలబడింది.

ఉబేద 9 కిలోమీటర్లు. 2003లో రెండు ఊళ్లకీ కలిపి యునెస్కో గుర్తింపు ఇచ్చారు. పాత ఊళ్లో దిగే మోజు చచ్చిపోయింది కాబట్టి బయట మామూలు హోటల్ తీసుకున్నాం. గదికి 62 యూరోలు, పార్కింగ్ అందులోనే, హీటర్ 24 గంటలూ. అందం ఏమీ లేదు, హాయిగా నిద్రపోయాం. మీరూ ఇలాగే చెయ్యండి. పాత ఊరు పది నిమిషాల నడకే. పైగా ఆ సందుల్లో కారు తిప్పడం మా ఆయనకే చేతకాలేదు, అద్దం గోడకి గీసుకుంది.

వాస్కెస్ దె మొలినా చౌకులో సాల్వదోర్ చాపెల్ తప్పక చూడండి. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌ని ఏలిన కార్లోస్ చక్రవర్తి కార్యదర్శి కోబోస్ తన సమాధి కోసం కట్టించుకున్నది, పని చేయించింది వాస్తుశిల్పి వందెల్విరా. రెండు నుంచి ఐదు దాకా దుకాణాలన్నీ మూసేస్తారు, రాత్రి భోజనం ఎనిమిదిన్నరకి ముందు దొరకదు. తాగడానికి ఏది చెప్పినా పక్కన ఒక చిన్న ప్లేటు ఊరికే ఇస్తారు, అది ఈ జిల్లా మర్యాద. శాకాహారులకి మర్యాదే చిక్కు. హామ్ వద్దంటే ట్యూనా చేప తెచ్చారు. అదీ వద్దంటే పాపం ఆ కుర్రాడు నిజంగా బాధపడి, ఆలివ్ కాయలు రెండు గిన్నెలు పెట్టాడు.

అమ్మని గెలిచింది పొద్దుటి టిఫిన్. కాల్చిన బ్రెడ్ మీద తురిమిన టమాటా, దాని మీద ధారగా నూనె, ఉప్పు. నలుగురికీ కాఫీలతో 11.20 యూరోలు. రెండో రోజు అమ్మ సంచీలోంచి కారప్పొడి తీసి చల్లింది. ఆ బ్రెడ్‌కి అదొక్కటే తక్కువైంది అనిపించింది.

నాన్న కోసం వెళ్లింది నూనె మిల్లుకి, మనిషికి 8 యూరోలు. అది కోతల కాలం, ట్రాక్టర్లు వరసగా నిలబడున్నాయి. పిక్వాల్ అనే రకం ఆలివ్‌ల తాజా నూనె గుటక వేస్తే గొంతులో మిరపకాయ తగిలినట్టు మంట. "కల్తీయా?" అన్నాడు నాన్న. మంట ఉంటేనే మంచి నూనెట. కోసిన కాయ ఆలస్యం కాకుండా మిల్లులో పడాలని వాళ్లు చెప్తుంటే నాన్న తల ఊపుతున్నాడు, మన పామాయిల్ గెలలకీ అదే తొందర. తర్వాత ఫోన్లో అనువాదం పెట్టించి, రైతుకి ఎంత శాతం నూనెకి డబ్బు కడతారని అడిగాడు. ఆ రోజు లోడుకి 20 శాతం వచ్చిందన్నాడు మిల్లాయన. పామాయిల్ గెలల ధరకి తెలంగాణలో లెక్కకట్టే నూనె శాతం ఆంధ్రలో మాకెందుకివ్వరని ఏళ్లుగా గొడవపడ్డ మనిషి. "ఇక్కడా ఇదే పంచాయితీ అన్నమాట" అని మొదటిసారి నవ్వాడు. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, ఫోను ఛార్జింగ్ అయిపోయేదాకా.

ఐదు లీటర్ల డబ్బా 42 యూరోలు. మా టికెట్లకి చేతి సంచులే, దాంతో పెట్టె వేయడానికి విమానంవాళ్లకి 46 కట్టాం. మా ఆయన లెక్క చెప్పబోతే నాన్న చూసిన చూపుకి ఆగిపోయాడు. అమ్మ తన శాలువలో ఆ డబ్బాని చుట్టి, పెట్టె మధ్యలో పడుకోబెట్టింది.