చెరువులో మొరం పోస్తున్నారు: ఎన్‌జీటీకి పోవాలా, హైకోర్టుకా, ఊరి కమిటీకా?

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల చెరువు ఒడ్డు కాలనీల్లో ఎవరిని కదిలించినా ఒకటే చెబుతారు. రాత్రిపూట టిప్పర్లు వస్తున్నాయి, తెల్లారేసరికి శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే భూమిలో, మొరం కుప్పలు కనిపిస్తున్నాయి. ప్రజావాణిలో అర్జీ ఇస్తారు, రసీదు చేతికొస్తుంది. వచ్చే సోమవారం మళ్లీ అర్జీ, మళ్లీ రసీదు. ఈలోపు కుప్పలు చదునై, హద్దురాళ్లు లేచి, ప్లాట్లు అయిపోతాయి. హైదరాబాద్‌కు చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ 2024 నుంచి ఉంది, కానీ దాని పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకే. మనం వెళ్లగలిగినవి మూడు చోట్లు: చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) బెంచ్, హైదరాబాద్‌లోని హైకోర్టు, ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోని ఊరి జీవవైవిధ్య కమిటీ.

చెరువు కేసును నేను వాతావరణ మార్పు కేసుగానే చూస్తాను. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఎప్పుడూ అంత నమోదు కాలేదు. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హనుమకొండ, వరంగల్‌లో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. భూమి వేడెక్కేకొద్దీ ఇలాంటి కుండపోతలు పెరుగుతాయని శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైది మత్తడి దుంకితే కిందిదానికి నీళ్లు చేరాలి. నడుమ ఒకటి పూడిపోతే ఆ నీళ్లు ఇళ్ల మీదుగానే పోతాయి.

మన దేశంలో వాతావరణ మార్పు మీద విడిగా ఒక చట్టం లేదు. 2024 మార్చి 21న బట్టమేక పిట్ట కేసులో సుప్రీంకోర్టు ఒక పెద్ద మాట చెప్పింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణల్లోనే ఉందని తేల్చింది. మంచి తీర్పే. కానీ దాన్ని పట్టుకుని టిప్పర్‌ను ఆపలేం. ఆపాలంటే చేతికందే చట్టం కావాలి.

చేతికి త్వరగా అందేది ఎన్‌జీటీ. 2010 చట్టంతో వచ్చింది. చెన్నై అనగానే టెన్షన్ పడక్కర్లేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయొచ్చు, విచారణకు వీడియోలో హాజరు కావొచ్చు. నష్టపరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు. లాయర్‌ను పెట్టుకోలేకపోతే మీరే వాదించుకోవచ్చు. జడ్జి పక్కన పర్యావరణ నిపుణుడు కూడా కూర్చుంటారు కాబట్టి చెరువు అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాల్సిన పని ఉండదు. చాలా కేసుల్లో మొదట జరిగేది జాయింట్ కమిటీ వేయడం. జిల్లా యంత్రాంగం, కాలుష్య నియంత్రణ మండలి, ఇరిగేషన్ లాంటి శాఖల వాళ్లు చెరువు దగ్గరికి వచ్చి కొలతలు తీసి, నివేదిక మీద సంతకం పెట్టాలి. అర్జీకి రసీదు ఇచ్చి పంపించిన వ్యవస్థనే కట్ట మీదికి రప్పించే ఈ పని ఒక్కటే ఎన్‌జీటీకి సగం విలువ తెస్తుందని నా నమ్మకం. పైగా హాని జరిగేదాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలనే ముందుజాగ్రత్త సూత్రం, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలనే సూత్రం ఈ చట్టంలోనే, సెక్షన్ 20లో, రాసి ఉన్నాయి.

ఇక చిక్కు గడువులో ఉంది. సెక్షన్ 14 కింద వెళ్తే, వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లోపు దరఖాస్తు పడాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతే. చెరువు ఒక్క రాత్రిలో పూడదు. ఈ ఎండాకాలం రెండు గుంటలు, వచ్చే ఎండాకాలం ఇంకో నాలుగు గుంటలు. అవతలివాళ్ల లాయర్ లేచి "ఇది రెండేళ్ల కిందటి సంగతి, గడువు దాటింది" అంటాడు. అందుకే సెక్షన్ 15 కూడా జోడించమంటాను. పోసిన మట్టి తీయించి చెరువును మునుపటిలా చేయించమని దాని కింద అడగొచ్చు, దానికి గడువు ఐదేళ్లు. మొదటి టిప్పర్ కనిపించిన రోజే తేదీ పడేలా ఫోటో తీసి పెట్టుకోండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు చూసే వీలుంది. 2015లో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి, ఇప్పుడు ఎక్కడున్నాయి అన్నది పక్కపక్కన పెట్టి చూపిస్తే పేజీల కొద్దీ వాదన రాయక్కర్లేదు.

ఎన్‌జీటీ భూమి ఎవరిదో తేల్చదు. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే చాలా చెరువుల్లో శిఖం పట్టాలున్నాయి. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు రైతుకు ఉంటుంది, ఇల్లు కట్టుకునే హక్కు ఉండదు. రియల్ ఎస్టేట్‌వాళ్లు ఆ రైతు దగ్గర అగ్గువకు కొని, పట్టా కాగితం చూపించి "ఇది ప్రైవేటు భూమి" అంటారు. అక్కడ మన వాదన యాజమాన్యం మీదికి పోకూడదు. భూమి ఎవరిదైనా సరే, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) లోపల మట్టి పోయొద్దు అన్న ఒక్క మాట మీదే నిలబడాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168, ఇక్కడ పనికొస్తాయి. 10 హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువైతే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంటలకు 9 మీటర్లు వదలాలి.

క్రిమినల్ కేసు పెట్టి జైలుకు పంపొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986లో ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టం ఉల్లంఘనలకు ఆ శిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల పెనాల్టీ పెట్టింది. ఎకరం కోట్లు పలికేచోట 15 లక్షలు ఎవరికి లెక్క? ఈ సవరణ చూసినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

హైకోర్టు బలం వేరు. 226వ అధికరణ కింద ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే ప్రభుత్వాన్నే నిలదీయొచ్చు. ఉత్తర్వు అమలు కాకపోతే కోర్టు ధిక్కరణ పిటిషన్ ఉంది, దానికి అధికారులు భయపడినంతగా ఎన్‌జీటీకి భయపడటం లేదు. ఎన్‌జీటీ ఉత్తర్వు కాదంటే మూడేళ్ల దాకా జైలు, 10 కోట్ల దాకా జరిమానా అని చట్టంలో ఉన్నా, ఆ ఊసు ఎత్తేవాళ్లు తక్కువ. ఎన్‌జీటీ ఉన్నంత మాత్రాన హైకోర్టు అధికారం పోదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా "ముందు ఎన్‌జీటీకి వెళ్లారా?" అనే ప్రశ్న అక్కడ ఎదురవుతుంది, జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. ఖర్చూ ఎక్కువే. మంచి లాయర్ కావాలి, వాయిదా వాయిదాకూ హైదరాబాద్ రైలెక్కాలి.

తెలుగువాళ్లకు హైకోర్టులో, ఆపైన పనికొచ్చే పెద్ద తీర్పు తిరుపతి నుంచే వచ్చింది. అవిలాల, పేరూరు చెరువుల భూములను ప్రభుత్వం ఇళ్ల స్థలాల కోసం ఇచ్చేస్తే స్థానికులు కోర్టుకెక్కారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఓడిపోయారు. 2006లో సుప్రీంకోర్టు వాళ్ల మాట విన్నది. ఇలాంటి సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే, ఇష్టమొచ్చినట్టు పంచిపెట్టడానికి లేదు అని చెప్పింది.

చిత్తడి నేలల నిబంధనల మీద ఆశ పెట్టుకోకండి. 2017 నిబంధనల్లో చిత్తడి నేల అనే నిర్వచనం నుంచి సాగునీటికి, తాగునీటికి ప్రత్యేకంగా కట్టినవాటిని తప్పించారు. కాకతీయులు కట్టించినవన్నీ సాగు చెరువులే కదా. ఎనిమిది వందల ఏళ్లుగా కొంగలు, నీటికాకులు, తాబేళ్లు, కొరమీను బతుకుతున్న చోటు మనుషులు కట్టారన్న కారణంతో లెక్కలోకి రాకపోవడం అన్యాయం. పాకాల చెరువుకు చుట్టూ అభయారణ్యం ఉంది కాబట్టి అటవీ చట్టాలు కాస్తాయి. ఊరి నడుమ చెరువుకు ఆ అండ లేదు.

ఇక ఊరి కమిటీ. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఈ కమిటీ ఎవరినీ ఆపలేదు, కూల్చలేదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఎన్‌జీటీ గడువు పెట్టి రాష్ట్రాల మెడ మీద కత్తి పెడితే గానీ దేశంలో ఈ రిజిస్టర్లు కదల్లేదు, అలా హడావుడిగా నింపినవాటిలో ఏముంటుందో మీ పంచాయతీలో అడిగి చూడండి. కానీ దాన్ని సరిగ్గా రాస్తే విలువే వేరు. చెరువులో ఏ చేప ఏ నెలలో ఈనుతుంది, తుంగ ఎక్కడ మొలుస్తుంది, బతుకమ్మకు గునుగు, తంగేడు ఎటువైపు నుంచి తెస్తారు, ఏ పిట్ట ఎప్పుడొస్తుంది అన్నవి ఊరి ముద్రతో ఒక చోట ఉంటాయి. "అక్కడ చెరువే లేదు, బీడు భూమి" అన్నప్పుడు కోర్టు ముందు పెట్టడానికి అంతకన్నా ఏం కావాలి? సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం అయింది కూడా ఈ చట్టం కిందే. ఆ తర్వాత కూడా అక్కడ ఆక్రమణల ఫిర్యాదులు ఆగలేదన్నది నిజం.

నన్ను అడిగితే, వరంగల్ చుట్టుపక్కల మామూలు చెరువు కేసుకు ఎన్‌జీటీయే మేలు. తక్కువ ఖర్చు, త్వరగా తనిఖీ, నిపుణుడి చూపు. అయితే ఉత్త చేతులతో వెళ్లొద్దు. ఎఫ్‌టీఎల్ మ్యాప్, ఊరి నక్ష కోసం ఆర్‌టీఐ దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి, దానికి టిప్పర్ వచ్చిన రోజే బయలుదేరండి. రిజిస్టర్‌లో చెరువు పేజీ లేకపోతే గ్రామసభలో పట్టుబట్టి రాయించండి. దరఖాస్తులో కాలనీ సంఘంతో పాటు మత్స్య సహకార సంఘాన్ని కూడా కలపండి. చెరువు పూడితే బతుకు పోయేది వాళ్లది, నీళ్ల లోతు వాళ్లకు తెలిసినట్టు ఏ ఇంజినీరుకూ తెలియదు, నష్టాన్ని లెక్కకట్టి చూపించగలిగేదీ వాళ్లే.

హైకోర్టుకు ముందే పోవాల్సిన సందర్భం ఒకటుంది. మట్టి పోయిస్తున్నది ప్రైవేటు మనిషి కాకుండా, ప్రభుత్వమే ఆఫీసులకో, ఇళ్లకో, బస్టాండుకో శిఖం భూమి కేటాయించినప్పుడు. అప్పుడు కొట్టేయించాల్సింది ప్రభుత్వ ఉత్తర్వు. దానికి హైకోర్టే సరైన చోటు, పిటిషన్‌కు తిరుపతి తీర్పు కాపీని జతచేయడం మర్చిపోవద్దు.