ఢిల్లీ ఆర్ట్ వారం: టెంట్ల కన్నా ఊళ్లోనే సరుకు

ఏటా ఫిబ్రవరి మొదట్లో ఓఖ్లా ఎన్‌ఎస్‌ఐసీ మైదానంలో ఇండియా ఆర్ట్ ఫెయిర్: టెంట్లలో గ్యాలరీలు కళాకృతులు పెట్టి అమ్మే ప్రదర్శన. లోపల జరిగే చర్చలు వినాలన్నా ముందు ఫెయిర్ టికెట్ కొనాల్సిందే. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. చర్చలకోసమైతే శుక్రవారం మేలు. వక్త ఎవరో కాదు, సంధానకర్త ఎవరో చూసి ఎంచుకోండి: అమ్మకాల మనిషైతే గంటసేపు పొగడ్తలే.

అసలు లాభం అదే వారం ఫెయిర్ బయట, ఊళ్లో జరిగే కార్యక్రమాల్లో ఉంది. ఓఖ్లా ఎన్‌ఎస్‌ఐసీ స్టేషన్‌లో మెజెంటా లైన్ ఎక్కి, ఒక్క స్టాప్ తర్వాత కాల్కాజీ మందిర్‌లో వయొలెట్ లైన్‌కు మారాలి. లాజ్‌పత్ నగర్‌లో దిగితే డిఫెన్స్ కాలనీ గ్యాలరీలు, ఖాన్ మార్కెట్‌లో దిగితే కళా ప్రదర్శనలు జరిగే బికానేర్ హౌస్. గ్యాలరీల్లో ప్రవేశ రుసుము ఉండదు. సాకేత్‌లోని కిరణ్ నాడార్ ఆర్ట్ మ్యూజియం వేరే దిక్కు, పైగా సోమవారం సెలవు. దాన్ని ఇదే పూట ఇరికిస్తే రెండూ చెడతాయి. ప్రారంభోత్సవాల సాయంత్రాలు పలకరింపులకే బాగుంటాయి, బొమ్మ ముందు నిలబడే చోటుండదు.